పూచీదారు సవరణ

ప్రవాసుల నమోదు కేంద్రంలో ఆ ఉదయం పదకొండు దేశాల మనుషులు మాట్లాడుకుంటున్నారు. అయినా ఎవరి చెవికి వారి భాషే వినబడుతోంది. చెవి వెనక చింతగింజంత మాటవారధిని అతికించుకుని, దాని కొసను చెవిలోకి దూర్చుకుంటే చాలు. బయటి శబ్దాన్ని అణచేసి, ఎదుటి మనిషి మాటను ఆ మనిషి గొంతుతోనే మన భాషలో వినిపిస్తుంది. వారధులు వచ్చి పాతికేళ్ళయింది. విశాఖపట్నం బడుల్లో పిల్లలకు రెండో భాష నేర్పడం మానేసి పదిహేనేళ్ళయింది.

ఏడో బల్ల ముందు యారినా కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ ఉక్రెయిన్ మనిషి. వెడల్పాటి చేతులు, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. పక్క కుర్చీలో ఆమె చెల్లెలు సొలోమియా. యారినా ఈ దేశంలో ఉంటున్నది ఆ చెల్లెలి పూచీ మీదే. యుద్ధం మళ్ళీ రాజుకున్న ఏడాది, ఇక్కడ స్థిరపడిన ఉక్రెయిన్‌వాళ్ళ రక్తసంబంధీకుల కోసం తాత్కాలిక కుటుంబ వీసా ఒకటి పెట్టారు. జనం దాన్ని పూచీ వీసా అనేవారు. ఏడాదికోసారి పూచీదారుతో కలిసి వచ్చి, ఉంటారో తిరిగి వెళ్తారో సొంత నోటితో చెప్పాలి. యారినాకి ఇది మూడోసారి.

"చెప్పండమ్మా. మీ కోరిక ఏమిటి?" అంది బల్లకు అవతల కూర్చున్న అధికారిణి రాజ్యలక్ష్మి.

"నేను ఇంటికి వెళ్తాను. జ్మెరింకాకి. నా భర్త దగ్గరికి," అంది యారినా తన భాషలో. రెండేళ్ళుగా ఆమె చెబుతున్నది ఆ మాటే. రెండేళ్ళూ గడువు పొడిగించిన కాగితమే చేతికొచ్చింది. "అక్కడింకా ప్రమాదం తగ్గలేదట, అధికారులు పంపేది లేదంటున్నారు," అని సొలోమియా చెప్పింది. యారినా నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకి కారణమేదీ కనబడలేదు.

నిబంధన ప్రకారం రాజ్యలక్ష్మి వాంగ్మూలాన్ని పైకి చదివి వినిపించింది. వారం రోజులుగా యారినా చెవిలో పుండు. ఆ ఉదయం వారధి కొసను లోపలికి దూర్చుకోలేక పైపైన ఆనించుకుని వచ్చింది. అందుకని ఆమెకు రెండు గొంతులు వినబడ్డాయి. వారధి చెబుతోంది: నేను ఇంటికి వెళ్తాను, నా భర్త దగ్గరికి. దాని కింద, బల్లకు అవతలి నుంచి అసలు గొంతు, తెలుగులో: "నాకు ఇక్కడే ఉండాలని ఉంది. తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదు."

యారినా ముప్పై ఏళ్ళు జ్మెరింకా జంక్షన్‌లో బోగీల తనిఖీ చేసింది. ఆగిన రైలు పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్నీ చిన్న సుత్తితో కొట్టి, ఆ మోతను బట్టి పగులుందో లేదో చెప్పడం ఆమె పని. కంటికి కనబడని పగులు చెవికి తెలుస్తుంది. ఆమె చెవి అలా తయారైంది. ఇప్పుడు ఆమె చెయ్యి దానంతటదే పైకి లేచి వారధిని పీకి బల్ల మీద పెట్టింది.

"మల్లీ సదువు," అంది.

రాజ్యలక్ష్మి తలెత్తింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ ఆమెతో తెలుగులో మాట్లాడలేదు.

"మీకు తెలుగొచ్చా?"

"కొంచెం. మల్లీ సదువమ్మా."

రాజ్యలక్ష్మి మళ్ళీ చదివింది. ఈసారి నెమ్మదిగా.

"నాను అలాగ అన్నేదు. నాను ఎల్లిపోతానన్నాను. మా ఊరు. మా ఆయన కాడికి," అంది యారినా.

ఆ తెలుగు ఆమెకు చేపల రేవులో అబ్బింది. మొదటి ఏడాది, చెల్లెలూ మరిదీ ఆసుపత్రి ఉద్యోగాలకు వెళ్ళిపోయాక పొద్దుపోక రేవు దాకా నడిచేది. అక్కడ ఎండుచేపలు అమ్మే పైడితల్లి వారధి పెట్టుకునేది కాదు. "ఆ పూసెట్టుకుంటే సెవుల దురదమ్మా. నాకెందుకది? నువ్వు సూపించు, నాను సెప్తాను," అనేది. యారినా చేపను చూపించేది, పైడితల్లి పేరు చెప్పేది. తర్వాత వానకీ ఎండకీ కోపానికీ నవ్వుకీ మాటలు వచ్చాయి. "యారమ్మా, నిన్న రానేదేటి?" అని పైడితల్లి అడిగిన రోజున, వారధి లేకుండానే ఆ మాట అర్థమైనందుకు యారినా అక్కడే నిలబడి పకపకా నవ్వింది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పుకోవలసిన విషయంగా ఆమెకు తోచలేదు.

రాజ్యలక్ష్మి తెర వైపు తిరిగి చాలాసేపు వెతికింది. చివరికి, "పూచీదారు సవరణ ఉంది," అంది మెల్లగా.

యారినాకు అర్థం కాలేదు. రాజ్యలక్ష్మి చిన్న చిన్న మాటల్లో, మధ్యమధ్య చేతులతో చూపిస్తూ చెప్పింది. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళలో కొందరు ఈ కుర్చీలో కూర్చోగానే భయంతో ఒకటనబోయి ఇంకొకటి అనేవారు. వాళ్ళ కోసం వైద్యులే ఈ ఏర్పాటు చేయించారు. చెప్పదలచుకున్నది ఇదీ అని పూచీదారు ముందుగానే వారధికి చెప్పి పెట్టవచ్చు. అప్పుడు నోట ఏ మాట వచ్చినా వారధి ఆ అర్థాన్నే అధికారికి చేరుస్తుంది. చెప్పిన మనిషి కంగారు పడకుండా, ఆ మనిషికి మాత్రం తాను అన్నదే తిరిగి వినిపిస్తుంది. అసలు పలికిన మాటను భద్రపరచడానికి చట్టం ఒప్పుకోదు. నమోదులో మిగిలేది సవరించిన మాటే.

సొలోమియా ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తోంది.

"మున్నుపటి రెండూ?" అంది యారినా.

రాజ్యలక్ష్మి పాత నమోదులు తెరిచింది. ప్రతి వాంగ్మూలం నకలూ స్వదేశంలో మిగిలిన దగ్గరి మనిషికి వెళుతుంది, వాళ్ళ భాషలోకి తిప్పి, చెప్పినవారి గొంతుతోనే. ఆ నకలును వినిపించింది.

"నాకు ఇక్కడే ఉండాలని ఉంది. తిరిగి వచ్చే ఉద్దేశం లేదు. నా గురించి ఎదురు చూడవద్దు."

అది యారినా గొంతే. ఊపిరి తీసుకునే తీరూ ఆమెదే. సుత్తి మోతకు ఆరితేరిన ఆ చెవికి కూడా ఎక్కడా పగులు దొరకలేదు.

దాన్ని అందుకున్న మనిషి ఒస్తాప్. ఆమె భర్త, ఇంజిన్ డ్రైవరు. రైళ్ళు నడపడానికి మనుషులు కావాలని ఆయన అక్కడే ఆగిపోయాడు, ఆమెను బలవంతంగా బండెక్కించాడు. ఒక్క ఏడాదే అన్నాడు. యుద్ధ ప్రాంతానికి ఫోన్లు కలిసేవి కావు, నెలకొక ఉత్తరం మాత్రం వచ్చేది. మొదటి ఏడాది చివర ఆయన నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది: నీ ఇష్టం. నువ్వు బాగుంటే అదే చాలు. తర్వాత ఇంకేమీ రాలేదు. యారినా రెండుసార్లు జవాబు రాసి, పంపమని చెల్లెలి చేతికిచ్చింది. ఏ కబురూ లేకపోయేసరికి ఆయనకి ఇంకెవరో దొరికారనుకుంది. మొన్న వసంతంలో ఫోన్లు కలవడం మొదలైనా పౌరుషం కొద్దీ చెయ్యలేదు. ఏడాదిన్నర పాటు ఏ తప్పూ లేని మనిషిని మనసులో తిట్టుకుంటూ బతికింది.

"నా ఉత్తరాలు?" అంది, ఈసారి చెల్లెలితో తమ భాషలో.

"పంపలేదు," అంది సొలోమియా. "నా బీరువాలో ఉన్నాయి."

రాజ్యలక్ష్మి వాళ్ళిద్దరినీ పక్క గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. సొలోమియా అప్పటికి ఏడుపు ఆపుకోలేని స్థితిలో ఉంది. యారినా ఏడవలేదు.

"ఎందుకు చేశావు సోల్యా?"

"అమ్మని అక్కడ వదిలేసి వచ్చాను. ఆ చలికాలం అమ్మ ఎలా పోయిందో నీకు తెలుసు. నువ్వు కూడా వెళ్తానన్నావు. ఆ ఊరి మీద బాంబులు పడుతుంటే వెళ్తానన్నావు."

"మొదటి ఏడాది పడ్డాయి. సరే, ఒప్పుకుంటాను. రెండో ఏడు పడలేదు. ఇవాళ పడట్లేదు. ఇవాళ ఎందుకు చేశావు?"

సొలోమియా కళ్ళు తుడుచుకుంది. ఆమె ఉక్రెయిన్‌లోని విన్నిత్సియా నగరంలో నర్సుగా ఉన్నప్పుడు అక్కడ వైద్యం చదవడానికి వచ్చిన ధనుంజయను పెళ్ళాడి ఈ ఊరు వచ్చింది. పద్నాలుగేళ్ళయింది. తెలుగు ఒక్క ముక్క రాదు, ఎన్నడూ అవసరం పడలేదు.

"నా మొగుడి మాట నేను ఎప్పుడూ వినలేదు యారింకా," అంది. "ఆయన గొంతుతో వారధి చెప్పే మాట వింటున్నాను. నా కూతురు నన్ను ఏమని పిలుస్తుందో నాకు తెలియదు. మన భాషలో అమ్మా అని వినబడుతుంది. అది నిజంగా అనే మాట ఏమిటో ఒకసారి వారధి తీసి విన్నాను. ఎవరో పరాయి పిల్ల అరిచినట్టుంది. భయపడి మళ్ళీ పెట్టుకున్నాను. నువ్వు వచ్చాక సాయంత్రాలు దాన్ని తీసి పక్కన పెట్టేదాన్ని. ఈ ఇంట్లో నాతో ఉత్త నోటితో మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు వెళ్ళిపోతే..."

"అందుకని నా నోరు మూసేశావు."

"నువ్వు ఇక్కడ బాగానే ఉన్నావు కదా! నవ్వుతూ ఉండేదానివి. చేపలు తెచ్చేదానివి..."

"నా మొగుడికి నా గొంతుతో ఎదురు చూడొద్దని చెప్పించావు. అది కూడా నా మంచికేనా?"

"ఆ చివరి మాట నేను పెట్టలేదు. ఉండాలని ఉందని మాత్రమే పెట్టాను. మిగతాది అదే కలిపింది. ఒట్టు!"

యారినాకు ఆ మాట నిజమే అనిపించింది. నిజమైనా ఒకటే, కాకపోయినా ఒకటే అని కూడా అనిపించింది. లేచి బయటికి వచ్చింది.

రాజ్యలక్ష్మి బల్ల దగ్గర తిరుగు ప్రయాణపు అనుమతి సిద్ధంగా ఉంది. ఆమె తన వారధిని తీసేసి పక్కన పెట్టి ఉంది. బయట వరసలో ఉన్నవాళ్ళ రకరకాల భాషలు గదంతా మోగుతున్నాయి. ఆమె వాటిని మొదటిసారి వింటున్నట్టు కూర్చుని ఉంది.

"మీ చెల్లెలి మీద ఫిర్యాదు రాయమంటారా?" అని నెమ్మదిగా అడిగింది. "రాస్తే శిక్ష పడుతుంది."

"వద్దు."

"ఇన్నేళ్ళలో ఈ బల్ల మీద ఎన్ని వాంగ్మూలాలు తీసుకున్నానో..." అంటూ రాజ్యలక్ష్మి ఆగిపోయింది. యారినాకు అంత తెలుగు పూర్తిగా అందలేదు. ముఖం మాత్రం అర్థమైంది.

మధ్యాహ్నం ఆ కేంద్రంలోని ఫోన్ నుంచే జ్మెరింకాకి కలిపారు. ఒస్తాప్ ఎత్తాడు. వెనక ఇంజిన్ల కూతలు. యారినా తన పేరు చెప్పింది.

"ఒస్తాప్, ఆ మాటలు నేను అనలేదు. వెళ్తానన్నాను, ప్రతిసారీ వెళ్తాననే అన్నాను. యంత్రం మార్చేసింది. సోల్యా మార్పించింది. నీకు రాసిన ఉత్తరాలు కూడా పంపలేదు."

"నేను అవి యాభైసార్లు విని ఉంటాను," అన్నాడు ఆయన. "నీ గొంతు కాదేమో అని విన్నాను. ప్రతిసారీ నీదే."

"ఇది నేను. ఇప్పుడు మాట్లాడుతున్నది నేనే."

"అప్పుడు కూడా నువ్వే మాట్లాడినట్టుంది యారినా." ఆయన కోపంగా అనలేదు. బాగా అలిసిపోయిన మనిషిలా అన్నాడు. "ఏదైనా అడిగి చూద్దామా అంటే, ఏం అడగను? మన సంగతులు ఆ యంత్రానికి తెలియవని నాకేం తెలుసు? నీ గొంతు వింటే నాకిప్పుడు భయం."

"వస్తున్నాను."

"వస్తే చూస్తాను," అని పెట్టేశాడు.

ఆమె కూడా ఫోన్ పెట్టేసింది. వస్తే తలుపు తీస్తానన్నాడా, రాగలిగితే అప్పుడు చూద్దామన్నాడా? ఎంత తలచుకున్నా ఆమెకు తేలలేదు.

తొమ్మిదో రోజు ప్రయాణం. ఆ తొమ్మిది రోజులూ ఆమె పైడితల్లి ఇంట్లో ఉంది. "ఉన్నన్నాలు ఉండమ్మా, ఎవులడుగుతారు?" అంది పైడితల్లి, సంగతేమిటని ఒక్క ప్రశ్న అయినా వేయకుండా. బయల్దేరిన పొద్దున సంచి కూడా తనే మోసుకుని విమానాశ్రయం గుమ్మం దాకా వచ్చింది.

సొలోమియా అప్పటికే అక్కడ నిలబడి ఉంది. పసుపురంగు చీర, వాచిన కళ్ళు. చేతిలో ఆ రెండు ఉత్తరాలు. అక్కతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ చేసినట్టే వారధిని తీసి సంచిలో పడేసుకుంది.

"యారింకా," అంది తమ భాషలో. "తిట్టు. ఏదో ఒకటి అను. అనకుండా వెళ్ళొద్దు."

యారినా ఉత్తరాలు అందుకుంది. చెల్లెలి ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకున్న ముఖమే. ఆ భాషలో ఆమెతో ఇంకొక్క మాటైనా అనడానికి నోరు రాలేదు. కానీ అనవలసింది ఒకటి ఉంది.

"నువ్వడిగుంటే ఉండిపోదును సోల్యా," అంది తెలుగులో. "నువ్వడగనేదు."

సొలోమియా తెల్లబోయింది. తన పేరు తప్ప ఆమెకు ఇంకేమీ తెలియలేదు. గబగబా సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. తాళాలు, రుమాలు, చిల్లర కింద పడ్డాయి. వారధి దొరికి, చెవి వెనక అతికించుకుని, కొస లోపలికి దూర్చుకునేసరికి యారినా గుమ్మం దాటుతోంది.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు!" అని అరిచింది సొలోమియా.

యారినా వెనక్కి తిరగలేదు. సొలోమియా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనే ఉన్న పైడితల్లి వైపు తిరిగి, తన అక్క ఏమందో చెప్పమని ఉక్రెయిన్ భాషలో బతిమాలింది. పైడితల్లి చెవికి ఏ పూసా లేదు. ఆ ఏడుస్తున్న మనిషి ఏమడుగుతోందో తెలియక, కింద పడిన తాళాలు ఏరి చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.