దిద్దిన మూతి

ఆ బడి వెనకాల ఉన్న డ్రాయింగు గదికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. బతిమాలినా వెళ్లరు. ఒకప్పుడు అక్కడ పనిచేసిన డ్రాయింగు మాస్టారు పిల్లల బొమ్మలు దిద్దుతూ దిద్దుతూనే బల్ల మీదకి తల వాల్చేసి పోయాడట. పోయినా పని మాత్రం మానలేదట. రాత్రిళ్లు గాజు గ్లాసులో కుంచె కడుగుతున్న చప్పుడు... టింగ్... టింగ్... అని వినిపిస్తుందనీ, వంకర గీత ఎక్కడ కనబడినా తెల్లారేసరికి తిన్నగా అయిపోయి ఉంటుందనీ చెప్పుకుంటారు. జీతం తీసుకోకుండా ఇంత బుద్ధిగా పనిచేసేవాడు మా బడిలో ఇంకొకడు లేడని హెడ్మాస్టరు గారి ఎకసెక్కం.

చిన్న టీచరు ఈ మాటల్ని నవ్వి కొట్టిపారేసేది.

ఆ బడికి డ్రాయింగు టీచర్లు ఇద్దరు. పెద్ద టీచర్ని ఈమె నోరారా "అక్కా" అని పిలిచేది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ చెయ్యి పట్టుకుని నడిపించింది ఆవిడే మరి. ఎన్నో ఆదివారాలు అక్క వీళ్లింట్లోనే భోంచేసేది. అమ్మ దగ్గర కూతురికంటే ఆవిడకే చనువెక్కువ.

ఆ ఏడాది ఊళ్లోని డ్రాయింగు టీచర్లంతా కలిసి సొంత బొమ్మలతో ప్రదర్శన పెడదామనుకున్నారు. పొద్దస్తమానం పిల్లల ఏనుగులకి తొండాలు దిద్దడమే గానీ, "మీరేం గీశారు?" అంటే నీళ్లు నమిలే జాతి అది. ఒక్కో బడికి ఒక్కో గోడ ఇచ్చారు.

"గోడంతా నువ్వే తీసుకోవే. నాకు ఓపిక లేదు," అంది అక్క. చిన్న టీచరుకి కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరిస్తారు అలాగ?

ఆమె వాళ్లమ్మ బొమ్మ మొదలుపెట్టింది. అమ్మకి ఎప్పుడో పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, మూతి మాత్రం ఒక పక్కకి లాగేసింది. నవ్వితే ఇంకాస్త లాగేది. ఆ సిగ్గుతో మళ్లీ ఒక్క ఫొటో కూడా దిగలేదు. కెమెరా కనబడితే చాలు, గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ వంకర నవ్వు కూతురి మనసులో తప్ప ఇంకెక్కడా లేదు. అది కాన్వాసు మీదకి ఎక్కాలి... ఎక్కితేనే అమ్మ తనకి దక్కినట్టు. అదీ ఆమె పట్టుదల.

బడి వదిలాక ఆ గదిలోనే కూచుని వేసేది. మూతి వేసిన రోజు చూడాలి — అచ్చం అమ్మే! ఈజిల్ మీదున్న బొమ్మకి గుడ్డ కప్పి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే వచ్చి గుడ్డ తీసి చూస్తే...

మూతి తిన్నగా ఉంది.

అందంగానే ఉంది, కాదనడానికి లేదు. కానీ అది అమ్మ కాదు.

రంగు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి తుడిచేసి, సాయంత్రం మళ్లీ వంకరగా వేసింది. మర్నాడు చూస్తే మళ్లీ తిన్నగా! పంతం పట్టి ఇంకోసారి వేసింది. ఇంకోసారీ అదే వరస.

"ముందే చెప్పాను కదా టీచరమ్మా," అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి. "వంకర కంటబడితే మాస్టారి చెయ్యి ఆగదు."

నవ్వబోయింది గానీ ఈసారి నవ్వు రాలేదు. వెళ్లి అక్కతో చెప్పుకుని ఏడ్చింది. అక్క టీ చల్లారిపోయేదాకా కప్పులోకి చూస్తూ కూచుంది.

రేపు పొద్దున బొమ్మలు తీసుకెళ్లడానికి వ్యాన్ వస్తుందనగా, ఆ సాయంత్రం ఆఖరిసారి మూతి వేసి వెళ్లింది. వెళ్లిందన్నమాటే గానీ కాలు ఇంట్లో నిలవలేదు. బాగా చీకటి పడ్డాక, ఏమైతే అదే అయిందని తిరిగొచ్చింది.

వరండా అంతా చీకటి. చెప్పులు చేత్తో పట్టుకుని గోడ వెంబడే నడిచింది. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల సన్నగా వెలుతురు...

టింగ్...

చేతిలో చెప్పులు గుండెలకి హత్తుకుంది.

టింగ్... టింగ్...

దెయ్యమైతే మాత్రం? కాళ్లా వేళ్లా పడైనా సరే, అమ్మని తిరిగిమ్మని అడగాలి. తలుపు తోసింది. ఈజిల్ ముందు తల మీద శాలువా కప్పుకుని, అటు తిరిగి ఎవరో కూచుని ఉన్నారు. కుంచె అమ్మ మూతి దగ్గర కదులుతోంది.

"మాస్టారూ..." అంది. "అది తప్పు కాదండీ... మా అమ్మ మూతే అంత. వదిలెయ్యండి..."

కుంచె ఆగింది. శాలువా మెల్లగా ఇటు తిరిగింది.

అక్క!

దెయ్యమైనా బావుండేది. దెయ్యాన్ని చూస్తే భయమేస్తుంది, అంతే.

"నువ్వా! నాకంటే ముందు నీకు వడ్డించేది కదే మా అమ్మ... ఆ మూతి నీకు తెలీదా?"

అక్క నోరు తెరిచేలోపే టర్పెంటైన్ గుడ్డ లాక్కుని, బొమ్మకేసి చూడనైనా చూడకుండా పరపరా తుడిచేసింది. మూతి ఉన్నచోట ఖాళీ కాన్వాసు మిగిలింది.

"అయ్యయ్యో... తుడిచేశావా!" అంది అక్క. "ఇప్పుడేగా వంకర తిప్పాను!"

"ఏం తిప్పావు?"

"మొదటిరోజు దిద్దింది నేనే. ఒప్పుకుంటాను. గోడ నీకిచ్చింది ఓపిక లేక కాదే, వెయ్యలేక. ఖాళీ కాన్వాసు ముందు నాకు చెయ్యి లేవదు. ఇన్నేళ్లూ ఇంకొకళ్ల తప్పులు దిద్దడమేగా... నీ బొమ్మ చూశాను. అక్కసో, అలవాటో... చెయ్యి దాని మీదకి పోయింది."

"మరి ఆ తర్వాత రోజులు?"

అక్క తల మీంచి శాలువా తీసేసింది.

"ఆ తర్వాత నేను ముట్టుకోలేదు. రోజూ నువ్వెళ్లగానే వచ్చి చూసేదాన్ని... అప్పటికే తిన్నగా ఉండేది. వంకరగా వేస్తున్నాననుకుంటూ నువ్వే తిన్నగా వేసి వెళ్తున్నావు. చూడలేక ఇవాళ నేనే వంకర పెట్టాను. నువ్వు తుడిచేసింది అదే."

"అబద్ధం! నన్ను పిచ్చిదాన్ని చేద్దామనా?"

"అయితే ఇప్పుడు వెయ్యి. నేను దగ్గరికి కూడా రాను."

అక్క వెళ్లి గుమ్మంలో నిలబడింది. చిన్న టీచరు కుంచె అందుకుంది. కళ్లు మూసుకుని అమ్మ నవ్వు తలుచుకుంది. కసిగా, గబగబా వేసింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

"చూడు!" అంది పక్కకి జరిగి.

అక్క తల దించుకుంది.

అప్పుడు తనూ వెనక్కి జరిగి చూసింది. ఈజిల్ మీద ఎవరో పెద్దావిడ... చక్కటి, తిన్నని మూతితో నవ్వుతోంది.

కుంచె జారి కిందపడింది. మళ్లీ కళ్లు మూసుకుంది. ఎంత తలుచుకున్నా అదే మూతి, అదే తిన్నని నవ్వు. లోపల కూడా అమ్మ లేదు. ఇంక ఆ వంకర నవ్వు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడ ఎదురుగా గుమ్మంలో నిలబడి ఉంది. అడగక తప్పలేదు.

"అక్కా... మా అమ్మ మూతి... ఏ పక్కకి ఉండేది?"