బావిలో నీళ్ళున్నాయి

ఆ పూట మోటారు వేసినా నీళ్ళు రాకపోయేసరికి, మామ్మ ఇంటి బావి ఎండిపోయిందని పక్కింటి పిన్ని ఎదురింటావిడతో అన్నదట. ఎదురింటావిడ ఊరుకుంటుందా? "ఎండదూ మరి! ఆ మనవడు పొద్దస్తమానం బావి దగ్గరే. సబ్బు రుద్దే చప్పుడు మా గోడ దాకా వినిపిస్తుంది" అని ఉప్పూకారం చల్లిందట. ఆ మాట వీధి చుట్టి మామ్మ చెవిన పడేసరికి, ఆమె కొడుకు బోరు లారీకి కబురు పెట్టేశాడు. రేపు బోరు, ఎల్లుండి బావి పూడ్చివేత.

మనవడి గుండెల్లో రాయి పడింది. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. బోరువాళ్ళకు వాళ్ళ మెకానిక్కులే ఉంటారు. ఇన్నాళ్ళూ బావి మోటారు బాగుచేస్తున్న మెకానిక్ అమ్మాయి ఇక ఈ గడప తొక్కే పనేముంది?

"నాన్నా, ఒక్కసారి ఆ అమ్మాయికి చూపిద్దాం."

"ఎండిన బావిని చూసి ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుందిరా?" అన్నాడు తండ్రి. అన్నాడే గాని, వద్దనలేదు.

భుజాన సంచీతో ఆమె వచ్చింది. వస్తూనే బావిలోకి గులకరాయి వదిలింది. బుడుంగుమంది.

"నీళ్ళున్నాయి. ఎండిందన్నదెవరండీ?"

"పక్కింటి పిన్ని."

"ఆవిడకో కళ్ళజోడు ఇవ్వండి, పుణ్యముంటుంది."

మోటారు మూత విప్పి చెంబుతో నీళ్ళు పోసింది. నిండాయి, కిందికి జారలేదు. "పైపు కారడం లేదు. మోటారు తిరుగుతోంది. అంటే అడుగున నీళ్ళు పీల్చే జల్లెడకు ఏదో అడ్డం పడింది. ఏమైనా పడేశారా?"

"అబ్బే, లేదండీ!" అన్నాడతను, అవసరమైన దానికంటే గట్టిగా. అప్పుడే గిలక వైపు చూశాడు. పొద్దున ఆరేసింది అక్కడ లేదు.

"పైపు లాగాలి, పట్టండి. సార్, చేతులతో పాటు చూపు కూడా పైపు మీదే పెట్టండి."

పైపు చివర జల్లెడను కావలించుకుని ఓ గుడ్డ వచ్చింది. ఆమె పిండి, విప్పి చూసింది. మూలన కాలిన చిల్లు.

"ఇది నాదే! పోయిన నెల పోయింది."

"ఇక్కడే మర్చిపోయారు. ఉతికి ఇద్దామని..."

"నెల రోజులా?"

"గ్రీజు మరక వదల్లేదండీ. రోజూ ఉతికాను."

"మరక పోయింది సరే, పసుపు రంగు కూడా పోయిందండీ!" ఆమె ఫక్కున నవ్వింది. "పక్క వీధేగా మా షాపు? తెచ్చిచ్చేయొచ్చుగా?"

"ఇచ్చేస్తే మళ్ళీ మీతో మాట్లాడ్డానికి నాకేం మిగులుతుందండీ?"

ఆమె ఆ గుడ్డను భుజాన వేసుకుంది. పైపు దించింది, మూత బిగించింది, స్విచ్ వేసింది. గొట్టం రెండుసార్లు దగ్గి, భళ్ళున నీళ్ళు కక్కింది. ఇద్దరూ నిలువునా తడిశారు. ఒక్కరూ పక్కకు జరగలేదు.

తండ్రి లారీవాళ్ళకు వద్దని ఫోన్ చేసి వచ్చేసరికి ఆమె ఆ గుడ్డను దండెం మీద ఆరేసి, సంచీ తగిలించుకుంటోంది.

"అమ్మాయ్, నీ గుడ్డ మళ్ళీ మర్చిపోతున్నావు."

"మర్చిపోలేదండీ. తడిగా ఉంది. ఆరాక మీ అబ్బాయి చేత పంపండి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. వంటింటి గుమ్మంలోంచి మామ్మ తల బయటపెట్టింది.

"గుడ్డతో పాటు వీణ్ణి కూడా నీ దగ్గరే ఉంచేసుకో పిల్లా. నాకు సబ్బైనా మిగులుతుంది."