సామ్యూల్ మాస్టారింట్లో కచేరీ

"ఎవలు సచ్చిన్రు బిడ్డా?"

వంటింట్లోంచి రోజా నాయనమ్మ జమ్ములమ్మ వేసిన ప్రశ్నకు వయొలిన్ ఠక్కున ఆగింది. నవీన్ మూడు రోజులుగా రోజూ గద్వాల నుంచి బస్సులో నిలబడి వస్తూ, కళ్ళు మూసుకుని మరీ ప్రేమగా వాయిస్తున్నాడు పాపం. రోజా హార్మోనియం మీది చేయి తీసి నెత్తిన పెట్టుకుంది.

ఆదివారమే కచేరీ. వనపర్తిలో తాత సామ్యూల్ మాస్టారు నలభై ఏళ్ళు కాపురం చేసి, పాటలు కట్టిన ఇంట్లోనే, ముందుగదిలో, ముప్పై మందికి. ఆయన పోయి ఏడాది. రోజా అందరినీ పిలిచేసింది. నాయనమ్మది మాత్రం ఒకటే మాట: పాట సరిగ్గా రాకుంటే ఇంట్లో కచేరీ లేదు.

"తాత నీ మీద కట్టిన పాటలే గద నాయనమ్మా! నవీన్ గారు ప్రేమగ వాయిస్తున్నరండీ అంటే నువ్వేమో గిట్లంటవ్."

"ప్రేమనా?" జమ్ములమ్మ గరిటెతో సహా గడపలోకి వచ్చింది. "లొల్లి అయితే మాకు మాటలు బందు. ఆయన హార్మోనియం మీద ఒక చరణం తిడుతుండె. నేను పొయ్యికాడికెల్లి ఇంకో చరణం అందుకుంటుంటి. గవే ఈ పాటలు! మీరేమో దవాఖానల కూసున్నట్ల వాయిస్తుండ్రు. ముందుగాల గా 'అండీ'లు ఇడిసి జర కొట్లాడుండ్రి."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

రోజా పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. కొట్లాటే కావాలంటే కొట్లాటే.

"రోజూ అర్ధగంట లేటు ఎందుకొస్తవ్?"

"బీచుపల్లి బ్రిడ్జి కాడ ట్రాఫిక్ నేను జామ్ చేసిన్నా?" నవీన్ కూడా తగ్గలేదు. "నువ్వేమో నేను వాయిస్తుంటే ఫోన్ పట్టుకొని కూసుంటవ్!"

"రికార్డ్ చేస్తున్న! నువ్వు పోయినంక వినడానికి..."

నాలుక కరుచుకుంది. అప్పటికే మాట జారిపోయింది.

"పాట వినడానికా? నన్నా?"

"రెండూ. అయితే ఏంది?"

నవీన్ వయొలిన్ ఎత్తాడు. మొదటి చరణం ఈసారి తగవు పెట్టుకున్నట్టే ఉరికింది. రోజా రెండో చరణంతో ఎదురు తిరిగింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

ఆదివారం జమ్ములమ్మ ముందువరసలో కూర్చుంది. చివరి పాటకు అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె చేతులు కదలలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చప్పట్లు ఆగేదాకా ఉండి, గట్టిగా అడిగింది.

"గద్వాల పిలగా, మీ ఇంట్ల పెద్దోళ్ళు ఎప్పుడొస్తరు?"

నవీన్ రోజా వైపు చూశాడు. ముప్పై మంది తలలు అతని వైపు తిరిగాయి.

"మీ ఇంటోళ్ళ నెంబర్ ఇయ్యి" అంది రోజా, చేయి చాపి. "నేనే పిలుస్త."