బతికున్నవాడి పళ్లెం

ఒడ్డున గొడుగుల కింద టూరిస్టులు నిమ్మరసం పిండిన చేపముక్కలు తింటూ చూస్తుండగానే రుసెల్ పూత్ పడవ ఢామ్మని పేలిపోయింది. లాబ్‌స్టర్లు పట్టే డైవర్ దుర్మరణం అని సాయంత్రానికల్లా రేడియో చెప్పింది.

రిమోట్ నొక్కింది అతని సొంత అన్న, సీక్రెట్ ఏజెంట్ విల్బెర్త్ పూత్. పడవలో ఎవరూ లేరని రుసెల్ కాక మరో ఇద్దరికే తెలుసు: విల్బెర్త్‌కీ, అతని చీఫ్‌కీ.

అంతకు ముందురోజు చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"సముద్రం అడుగున నేవీ కేబుల్‌కి దొంగ పరికరం తగిలిస్తుంటే మీ తమ్ముడు చూశాడు. ఒకడి ముఖం కూడా చూశాడు. ఆ విదేశీ ముఠా వాణ్ణి బతకనివ్వదు."

"ఏం చేద్దాం సార్?"

"ముందు మనమే చంపేద్దాం. ముఠా దొరికి, వాడు గుర్తుపట్టేదాకా చచ్చే ఉండాలి. మీ అమ్మకి కూడా చెప్పకు."

"అలాగే సార్."

అంత తేలిగ్గా అనేశాడు. ఖాళీ శవపేటిక మీద పడి తల్లి గుండెలు బాదుకుంటుంటే పక్కనే నిలబడ్డాడు. కంట్లో చుక్క లేదు. ఏం నిగ్రహమని ఆఫీసులో మెచ్చుకున్నారు. నిగ్రహమూ లేదు, పాడూ లేదు. ఈ ఉద్యోగంలో ఎప్పుడో లోపలంతా మొద్దుబారిపోయింది, అంతే. భుజం మీద చెయ్యివేసి ఓదార్చిన సహోద్యోగి ఇరాసేమా అందం కూడా అతనికి గోడకున్న క్యాలెండరు బొమ్మలాగే కనిపించింది.

చనిపోయినవాళ్లు భోజనానికొచ్చే రోజు వచ్చింది. తల్లి దోన్యా లందీ గోతిలో నిప్పుల మీద కాల్చిన కోడి రొట్టెలు వేడివేడిగా తీసి, కొవ్వొత్తుల మధ్య పళ్లేలు సర్దింది. ఇరాసేమా ఆకుపచ్చ గౌనులో, మెడలో పెద్ద కెమెరాతో వచ్చి సాయం చేస్తోంది.

"ఇది మీ నాన్నకి. ఇది మీ తాతకి." తల్లి మూడో పళ్లెం అందుకుంది. "ఇది నా చిన్నోడికి. కారం ఎక్కువే వేశాన్రా, తిను."

విల్బెర్త్ చెయ్యి దానంతటదే కదిలింది. ఆ పళ్లెం తీసేసింది. బతికున్నవాడి పేరు చెప్పి అక్కడ అన్నం పెడితే వాణ్ణి అటువైపు పిలిచినట్టే. మొద్దుబారిన మనిషికైనా చిన్నప్పటి భయం పోదు కదా.

"చోటు చాలడం లేదమ్మా. వాడి వాటా సముద్రం దగ్గర పెడతాలే."

"చాలకపోతే మీ నాన్నది జరపరా! ఆయన బతికినన్నాళ్లూ పక్కకి జరుగుతూనే బతికాడు."

ఇరాసేమా నవ్వింది. "ఒక్క ఫోన్ చేసుకొస్తాను దోన్యా," అంటూ పెరట్లోకి వెళ్లింది.

ఆమె జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. వెంటనే విల్బెర్త్ చొక్కా బొత్తాంలోని రేడియో గురగురమంది. చీఫ్ గొంతు.

"ముఠా మెసేజ్ ఒకటి దొరికింది. 'చేప బతికే ఉంది, నేనే చూసుకుంటాను'. ఎక్కణ్ణుంచి పంపారో తెలుసా? మీ పెరట్లోంచి!"

ఇరాసేమా డబుల్ ఏజెంట్! తను రోజూ గైడు వేషంలో, తమ్ముణ్ణి దాచిన పాత రాతిగుళ్లకి ఎందుకు వెళ్తున్నాడో ఇప్పుడామెకి అర్థమై ఉంటుంది. తమ్ముడికని రొట్టె ఆకులో చుట్టి, చంకన పెట్టుకుని మోటారు పడవలోకి దూకాడు. మడ చెట్ల మధ్య కాలువ అడ్డదారి. ఎండ కాచుకుంటున్న మొసలి విసుగ్గా నీళ్లలోకి జారింది. తమ్ముడు చచ్చిపోతాడేమో అని ఊహించుకుని చూశాడు. అప్పటికీ లోపల ఏమీ కదల్లేదు. అలా కదలనందుకు మాత్రం భయమేసింది.

సముద్రం మీదికి వాలిన కొండ అంచున గుళ్లున్నాయి. తాళ్లు కట్టి మూసేసిన గది గుమ్మంలో ఇరాసేమా నిలబడి ఉంది. లోపల ఊయల మంచంలో రుసెల్ గుర్రుపెడుతున్నాడు. ఆమె కెమెరా ఎత్తింది. లెన్సు నడుమ సన్నటి విషపు సూది. తుపాకీ పేలిస్తే తూటా ఆమెని దాటి తమ్ముడికి తగులుతుంది.

విల్బెర్త్ చేతికందింది విసిరాడు. రొట్టె ఆమె వీపుకి తగిలి చిట్లింది. కోడి వాసన గుప్పుమనగానే రాళ్ల సందుల్లోంచి పిల్లులంతేసి పొడుగుముక్కు చిక్‌ల గుంపు, చారల తోకలు నిక్కబొడుచుకుని, టూరిస్టుల సంచులు దోచే రౌడీ జంతువులు, ఆమె గౌను మీదికి ఎగబాకాయి. సూది గురి తప్పి పైకప్పులో దిగింది. రుసెల్ కళ్లు నులుముకున్నాడు.

"అన్నయ్యా, నా భోజనం వాటికెందుకు పెట్టావ్?"

సంకెళ్లు వేస్తుంటే ఇరాసేమా గౌను దులుపుకుంది. "పళ్లెం తీసేయకుండా ఉండాల్సింది విల్బెర్త్. మాదీ ఈ ఊరివైపే."

ఆమె ఫోన్ పట్టిస్తే చీకటిపడేలోగా ముఠా మొత్తం దొరికింది. రుసెల్ ఆ ముఖాన్ని గుర్తుపట్టాడు. ఇక దాచాల్సింది లేదు. అన్నదమ్ములిద్దరూ ఇంటికెళ్లారు.

దోన్యా లందీ చిన్నకొడుకుని తడిమి తడిమి చూసింది. ముక్కు గిల్లింది. తర్వాత పెద్దవాడి వైపు తిరిగి చెంప ఛెళ్లుమనిపించింది.

"కన్నతల్లిని ఏడిపిస్తావట్రా? నా దగ్గరా నీ గూఢచారి వేషాలు?"

చెంప భగ్గుమంది. నొప్పి. నిజమైన నొప్పి. విల్బెర్త్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందంతో తమ్ముణ్ణి గట్టిగా పట్టుకున్నాడు.

బొత్తాం గురగురమంది. "శభాష్! రిపోర్టు కోసం అడుగుతున్నా, మనవైపు గాయాలేమైనా?"

"ఒకటి సార్. నాకే. చెంప మీద."

"ఎవడు వాడు?"

"వాడు కాదు సార్, మా అమ్మ. ఆయుధం కుడిచెయ్యి. ఇంకా పరారీలో లేదు, ఇటే వస్తోంది. ఉంటాను సార్."