నల్ల కోడె తోలు

అసురసంధ్య... కొండల మీది మంచు దిగివచ్చి సరస్సును మింగేసింది. ఉరుము వెంట ఉరుము! జలపాతం పక్కన బండమీద ఒక మానవ కపాలం, దాని కనుగుంతల్లో రెండు కొవ్వు దీపాలు. దాని ఎదుట మహామాంత్రికుడు టార్కిల్... మోకాళ్ళ నొప్పులతో ఆపసోపాలు పడుతూ బాసింపట్టు వేశాడు.

బండకింద పదహారేళ్ళ మార్సలీ పడి ఉంది. మూడు రోజులుగా ఆమెను ఆవహించి ఉంది నీటిగుర్రం, సరస్సులో ఉండే భూతం. జుట్టు పిండితే నాచు, నోరు తెరిస్తే సకిలింపు! దాన్ని ఉసిగొల్పినవాడు టార్కిలే. పిల్ల ప్రాణం గుర్రానికి, గుర్రం ఆయుష్షు తనకు... చీకటి పడేలోగా జలశక్తులు సరేననాలి.

వాటిని అడగాలంటే, అప్పుడే కోసిన నల్ల కోడె పచ్చితోలులో చుట్టుకుని జలపాతం పక్కన పడుకోవాలి. బయటినుంచి మరొకరు కుట్టాలి. పిల్లను బాగుచేస్తానని బొంకి తల్లి ఊనా చేతనే ఆమె కోడెను కోయించాడు. ఊనా ఒక్క ముక్క నమ్మలేదు. అయినా అతను తోలులో దూరి పడుకోగానే సూది పట్టింది.

"బిగించి కుట్టవే. వదులైతే నీ కూతురు దక్కదు."

"కుడుతున్నానయ్యా. ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది. నీకెందుకు?"

ఊనాకు భయం... ప్రాణాలు తోడేసే భయం. అలాగే ఆఖరి ముడి బిగించింది. తోలులోంచి మంత్రం మొదలైంది. మార్సలీ వెన్ను విల్లులా వంగింది.

"అయ్యా, కోడె నలుపు చూశావు సరే. చెవులు చూశావా?"

మంత్రం ఆగిపోయింది.

"పుట్టుకతోనే సగం చెవులు దానికి. దాని తండ్రి ఈ సరస్సులోని నీటిఎద్దు. అలాంటి దూడను మన ఊళ్ళో చంటిపిల్లలు కూడా గుర్తుపడతారే. నువ్వేమో తల చూడకుండానే కోయమన్నావు."

"కుట్లు విప్పు... ఊనా... తల్లీ, విప్పవే."

ఫెళ్ళున పిడుగు! సరస్సు రెండుగా చీలి నల్లని నీటిఎద్దు లేచింది. నీటిగుర్రాలకు అది బద్ధశత్రువు. మార్సలీ నోట్లోంచి నల్లనీరు భళ్ళున దూకి, గుర్రమై, మంచులో పడి పారిపోయింది.

ఎద్దు దాన్ని తరమలేదు. తోలుమూటను వాసన చూసింది. లోపల ఏదో కదులుతోంది, మూలుగుతోంది... కొడుకు బతికే ఉన్నాడనుకుంది! ఒళ్ళంతా ఆపేక్షగా నాకింది. మూతితో మెల్లగా నెట్టుకుంటూ... నెట్టుకుంటూ... నీళ్ళలోకి తీసుకెళ్ళింది. టార్కిల్ కేకలు బుడగలై అణగిపోయాయి.

"అమ్మా, చలేస్తోంది," అంది మార్సలీ.

ఊనా బిడ్డను శాలువాలో చుట్టి గుండెకు అదుముకుంది. ఏడుపు ఆగలేదు. పాపం ఆ తండ్రి, అనుకుంది. ఏడుస్తూనే కూతుర్ని లాక్కుని ఇంటివైపు పరుగెత్తింది. కాసేపట్లో నీళ్ళ అడుగున ఆ తండ్రి కుట్లు విప్పుతాడు.