పసుపు కారులో ముందు చక్రం

"రీజనింగ్ బ్యాచ్ ఎప్పుడు మొదలు?"

"ఆప్టిట్యూడ్ అయిపోయాక."

వచ్చినవాడి సంకేతం సరిపోగానే రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే బల్ల కింద బటన్ నొక్కింది. దిల్‌సుఖ్‌నగర్‌లో వంద బ్యాంక్ కోచింగ్ బోర్డుల మధ్య ఇదొక బోర్డు. దీని వెనక రహస్య నిఘా విభాగం ఆఫీసు ఉందంటే ఎవరూ నమ్మరు. నమ్మినా, ముందు ఫీజెంతని అడుగుతారు. స్టడీ మెటీరియల్ బీరువా పక్కకు జరగగానే ఏజెంట్ ఉపేంద్ర లోపలికి వెళ్లాడు.

చీఫ్ సాంబమూర్తి భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా యాస వదల్లేదు.

"కూర్చోవయ్యా. ఆర్కిడ్ మళ్లీ దిగింది."

ఉపేంద్ర కూర్చోలేదు. ఆర్కిడ్ ఒక విదేశీ ముఠా. మూడు ఖండాల్లో ప్రొఫెషనల్ సైకిల్ రేసుల మీద బెట్టింగ్ నడుపుతుంది. గెలుపులు కొంటుంది. అమ్ముడుపోని వాళ్లకు ప్రమాదాలు జరుగుతాయి.

"దక్కన్ టూర్. ఆడవాళ్ల ప్రొఫెషనల్ రేసు. రేపు శనివారం ఆఖరి స్టేజ్. బాటసింగారం పళ్ల మార్కెట్ దగ్గర స్టార్ట్, తుర్కయంజాల్, కర్మన్‌ఘాట్ మీదుగా, ఊళ్లన్నీ చుట్టి ఎల్బీ నగర్‌లో ఫినిష్. పందొమ్మిది సెకన్ల లీడ్‌లో ఉన్న పిల్లని ఓడిపొమ్మని బేరం పెట్టారు. ఆ పిల్ల వాళ్ల మొహానే తలుపేసింది. ఇక చంపడమే మిగిలింది."

"పేరు?"

సాంబమూర్తి ఫైల్ తిప్పి అతని ముందుకు జరిపాడు. "రెబెక్క. పేతురు చెల్లెలు."

ఉపేంద్ర అప్పుడు కూర్చున్నాడు.

ఏడేళ్ల కిందట ఆర్కిడ్ ఇలాంటి బేరమే సైకిల్ రేసర్ పేతురుకు పెడితే, అతను నేరుగా వచ్చి ఉపేంద్రకు చెప్పాడు. "ఒప్పుకున్నట్టు నటించు. జెర్సీ కింద మైక్ పెట్టుకో. మిగతాది నేను చూసుకుంటా" అన్నది ఉపేంద్రే. ఆఖరి మలుపులో పేతురు ముందు చక్రం విరిగింది. మర్నాడు అతను రేసు అమ్ముకున్నాడన్న ఆరోపణ పేపర్లకెక్కింది. ఆపరేషన్ రహస్యం కాబట్టి విభాగం నోరు విప్పలేదు. పేతురును అమ్ముడుపోయినవాడిగానే పాతిపెట్టారు.

ఆ మైక్‌లో చివరగా రికార్డయిన మాట, "సార్, ఇంటున్నరా?" ఇయర్‌పీస్ పెట్టుకున్న ప్రతిసారీ ఉపేంద్రకు మొదట అదే వినిపిస్తుంది. డాక్టర్ నిద్రమాత్రలు ఇచ్చాడు. ఇప్పుడు నిద్రలో కూడా వినిపిస్తోంది.

"లోపల మన మనిషి ఎవరు?" అడిగాడు ఉపేంద్ర.

"ఇంకెవరు, ఇంద్రాణే."

ఇంద్రాణి రెబెక్క జట్టుకు కమర్షియల్ మేనేజర్. డబుల్ ఏజెంట్. ఆర్కిడ్ ఆమెను తన మనిషి అనుకుంటుంది, సాంబమూర్తి తన మనిషి అనుకుంటాడు. ఏడేళ్ల కిందట కూడా సరిగ్గా ఇంతే.

మర్నాడు ఉదయం బాటసింగారంలో మామిడిపళ్ల లారీలు ఒక పక్క, సైకిళ్లు ఒక పక్క. తెల్ల లినెన్ చీర, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులతో ఇంద్రాణి నడిచి వస్తుంటే హమాలీలు మోస్తున్న బుట్టలు మోస్తున్నట్టే ఆగిపోయారు. రేస్ మార్షల్ వేషంలో, మోటార్ సైకిల్ మీద కూర్చున్న ఉపేంద్ర పక్కన ఆమె ఒక్క క్షణం నిలబడింది.

"ఒక స్పేర్ ముందు చక్రం రిమ్‌లో పేలుడు మందు పెట్టారు. ఎల్బీ నగర్ అండర్‌పాస్ దిగుడులో ఫోన్‌తో పేలుస్తారు. చూసేవాళ్లకు యాక్సిడెంట్. ఆ చక్రం మా టీమ్ కారులోనే ఉంది. మా మెకానిక్‌ని వదలకండి, ఉపేంద్ర గారూ." చివరి మాటకు కొంచెం నవ్వు కలిపింది. ఆ నవ్వంటే ఉపేంద్రకు ఎప్పటినుంచో బలహీనత. అతనిలాంటి తెలివైనవాళ్లు చెడేది ఇలాంటి చోటే.

టీమ్ కారునే అంటిపెట్టుకుని యాభై కిలోమీటర్లు పోయాడు. మెకానిక్ అరటిపండు తినడం తప్ప ఏమీ చెయ్యలేదు.

తుర్కయంజాల్ దగ్గర ఇంకో జట్టు అమ్మాయి సైకిల్ చెడింది. ఏ జట్టుకైనా సాయం చేసే పసుపు రంగు న్యూట్రల్ కారు ఆగింది. మెకానిక్ గబగబా వేరే సైకిల్ ఇచ్చి, చెడినదాన్ని రోడ్డు పక్కన పడుకోబెట్టాడు. ఉపేంద్ర దాన్ని దాటి వెళ్లిపోయి, సడన్ బ్రేక్ వేసి వెనక్కి చూశాడు.

సైకిల్ చైన్ పక్కకు పడుకుని ఉంది.

గేర్లు, చైన్ ఉండేది కుడిపక్క. సైకిల్ మీద బతికేవాడెవడూ ఆ పక్కను నేలకు ఆనించడు, గేరు వంగిపోతుంది. చేతులు వాటంతటవే ఎడమపక్కకు దించుతాయి. కాలేజీ రోజుల్లో రేసులు తొక్కిన ఉపేంద్రకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఆర్కిడ్ తన హంతకుడికి యూనిఫాం కుట్టించింది, ఐడీ కార్డు ఇచ్చింది, చక్రం బిగించడం నేర్పింది. పందెం కాయడమే తప్ప సైకిలెక్కని ముఠాకు అంతకు మించి ఏం తెలుస్తుంది?

అంటే చక్రం ఉన్నది పసుపు కారులో. అంటే ఇంద్రాణి అబద్ధం చెప్పింది.

పేతురు మైక్ సంగతి అప్పట్లో ముగ్గురికే తెలుసు. ఉపేంద్ర, సాంబమూర్తి, ఇంద్రాణి. ఈ చిన్న లెక్క ఏడేళ్లుగా అతని ముందే ఉంది. చెయ్యడానికి మనసొప్పలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"సార్, ఇంద్రాణిని పట్టుకోండి. ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది."

"ఆధారం ఏంటయ్యా?"

"ఒకడు సైకిల్ పడుకోబెట్టిన తీరు."

అవతల సాంబమూర్తి గొణిగాడు. "నా పెన్షన్ నీ చేతిలో ఉంది. సరే, కానివ్వు."

ముందున్న రోడ్డు మీద ఎవరో మేకులు చల్లారు. కర్మన్‌ఘాట్ దాటగానే, ఒంటరిగా ముందు పోతున్న రెబెక్క ముందు టైరు బుస్సుమంది. టీమ్ కారు ఇంకా వెనకెక్కడో ఉంది. పసుపు కారు మాత్రం పిలిచినట్టే వచ్చింది. ఉపేంద్ర చేరుకునేసరికి కొత్త చక్రం బిగించడం అయిపోయింది, రెబెక్క కాలు పెడల్ మీద ఉంది. అతను బైక్ అడ్డం పెట్టాడు.

"ఎక్కొద్దమ్మా! ఆ చక్రంలో బాంబుంది!"

"ఎవరు నువ్వు? జరుగు! ఎనకోళ్లు ఒస్తున్రు!"

ఉపేంద్ర ఐడీ కార్డు తీశాడు. ఆమె దానివైపు చూడను కూడా లేదు.

"గీ కార్డులు మస్తు చూసినం. మా అన్నకు గూడ ఎవడో గిట్లనే చూపిచ్చిండు. ఏమైంది? మట్టిల కలిసిండు."

ఉపేంద్ర కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఆ ఎవడో తనేనని చెప్పే టైం లేదు, ధైర్యమూ లేదు.

"వీడు మెకానిక్ కాదు. తుర్కయంజాల్ దగ్గర సైకిల్‌ని చైన్ పక్కకు పండబెట్టాడు. నేను చూశాను."

రెబెక్క మెకానిక్ వైపు తిరిగింది. "ఏందన్నా, నిజమా?"

అతను భుజాలెగరేశాడు. "పెట్టిన. అయితే ఏంది?"

ఆ ఒక్క మాటకు ఆమె సైకిల్ దిగిపోయింది. యాక్సిల్ లాగి, చక్రం ఊడదీసి ఉపేంద్ర చేతిలో పెట్టింది. అతను బలమంతా పెట్టి గోడ అవతల ఖాళీ ప్లాట్‌లోకి విసిరాడు. అది నేలను తాకకముందే పేలింది. గోడ మీద పెచ్చులు రాలాయి, వీధికుక్కలు మొరుగుతూ పారిపోయాయి. మెకానిక్ కూడా పరుగెత్తబోయాడు గానీ ఉపేంద్ర హెల్మెట్ అతని మొహానికి అడ్డం వచ్చింది.

ఇయర్‌పీస్‌లో సాంబమూర్తి ఆయాసపడుతున్నాడు. "దొరికిందయ్యా ఇంద్రాణి! టీవీలో మిమ్మల్ని చూస్తూ ఫోన్ నొక్కేసింది. మీరు ఇంకో సెకను ఆలస్యం చేసుంటే..."

ఆర్కిడ్ కుట్ర విఫలమైంది. మధ్యాహ్నానికి ముఠా బెట్టింగ్ అకౌంట్లన్నీ ఫ్రీజయ్యాయి. రెబెక్క ప్రాణాలతో ఉంది. కానీ టీమ్ కారు వచ్చి వేరే చక్రం ఇచ్చేసరికి ఆలస్యమైంది. నాలుగు సెకన్ల తేడాతో టూర్ ఓడిపోయింది.

ఎల్బీ నగర్ జనం ఊరుకోలేదు. పేలుడు గోడ అవతల జరిగింది; టీవీలో వాళ్లు చూసింది ఒకటే, బాగున్న చక్రాన్ని చేతులారా ఊడదీసుకోవడం.

"అమ్ముడువోయింది! అన్న లెక్కనే!"

మైకులు చుట్టుముట్టాయి. రెబెక్క చెమట కూడా తుడుచుకోకుండా నిలబడింది. జనంలో ఉపేంద్ర పక్కకు చేరిన సాంబమూర్తి నెమ్మదిగా చెప్పాడు. "మనం బయటపడకూడదయ్యా. గ్యాస్ సిలిండర్ పేలిందని ప్రెస్ నోట్ ఇస్తున్నాం."

ఉపేంద్ర ఇయర్‌పీస్ తీసి ఆయన చేతిలో పెట్టి, మైకుల ముందుకు నడిచాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి నలుగురిలో తన అసలు పేరు, ఉద్యోగం చెప్పాడు. రెబెక్కను చక్రం తీయమన్నది తనేనన్నాడు. పేతురు ఏ రేసూ అమ్ముకోలేదన్నాడు. మైక్ పెట్టి పంపింది తనేనని, అతను చనిపోయాక దాక్కున్నదీ తనేనని కూడా చెప్పాడు.

రెబెక్క అతని ముందుకు నడిచి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"గీ ముక్క ఏడేండ్ల కింద చెప్తె, మా అమ్మ చర్చిల అందరి ఎనక, తలొంచుకోని కూసోకపోతుండె. రేపు ఆదివారం. తొమ్మిదింటికి తుర్కయంజాల్ ఒచ్చి, గీడ చెప్పినట్టే గాడ చెప్పు."

పదకొండు దేశాల సరిహద్దులు దొంగచాటుగా దాటిన ఏజెంట్ ఉపేంద్రకు, మర్నాడు ఆ చర్చి గుమ్మం ముందు చెప్పులు విడవడానికే ఇరవై నిమిషాలు పట్టింది.