మూత తీసిన కథ

"మూడోసారి కూడా తిప్పి పంపారు! నా కథకి ఏం రోగమండీ?"

నీళ్లు కారుతున్న గొడుగు మూలన పెట్టడం కూడా మరచిపోయి, వారపత్రిక ఆఫీసులో నిలదీశాడు వాచీలు రిపేరు చేసే యువకుడు.

సబ్ ఎడిటర్ అమ్మాయి తల ఎత్తింది. చెవి మీద ఎర్ర పెన్సిలు.

"రోగం లేదండీ. ప్రాణమే లేదు."

పక్క టేబుల్ దగ్గర ప్రూఫులు దిద్దుతున్న ఆమె తండ్రి ముసిముసిగా నవ్వుకున్నాడు.

"మీ హీరోయిన్ చందమామలా ఉంది, పువ్వులా నవ్వింది, హంసలా నడిచింది. పాపం, అమ్మాయిలా ఒక్కసారైనా ఉండనిచ్చారా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. కోపం అనుకుందామంటే, ఆమె ఎదుట అవి ఎప్పుడూ ఎర్రబడేవే. మూడు కథలూ పోస్టులో వేయకుండా స్వయంగా తెచ్చిచ్చింది అందుకే మరి.

"అయితే ఎలా రాయాలి?"

"ఆగిన వాచీ తెస్తే మీరేం చేస్తారు?"

"మూత తీస్తాను. ఏ చక్రం పట్టేసిందో చూస్తాను."

"మరి కథ దగ్గరికొచ్చేసరికి మూతకి పాలిష్ పెడతారేం? మూత తీయండి. ఆమెలో మీరు తప్ప ఎవరూ చూడనిది ఒక్కటి చెప్పండి, చాలు. అన్నట్టు, ఈ వారం కథ ఇస్తానన్న పెద్దాయన చేయిచ్చారు. ఆరింటికల్లా పేజీ ప్రెస్సుకి పోవాలి. లేదంటే అక్కడ సబ్బుల యాడ్ పడుతుంది. రాస్తారా?"

గోడ గడియారంలో నాలుగున్నర.

అతను కిటికీ పక్క బల్ల మీద కూలబడ్డాడు. రాశాడు, కొట్టేశాడు, బయట వానతో పోటీపడి మళ్లీ రాశాడు. తండ్రి అడక్కుండానే టీ తెచ్చిపెట్టాడు. ఆరుకి పది నిమిషాలుండగా యువకుడు కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు.

రెండో పేజీలో పెన్సిలు ఆగిపోయింది.

కథలో అమ్మాయి చేతికి ఆగిపోయిన వాచీ ఉంది. నాలుగూ పదికి ఆగింది. పట్టీకి మేకుతో పొడిచిన అదనపు బెజ్జం. టైము మాత్రం గోడ మీద చూసుకుంటుంది. మనసు కదిలినప్పుడు బొటనవేలితో వాచీ అద్దం తుడుస్తుంది. దాన్ని బాగుచేయడం హీరోకి చిటికెలో పని. అయినా "ఇలా ఇవ్వండి" అనడు. ఆ ముళ్లని ఎవరూ కదపకూడదని ఆమె అనుకుంటున్నట్టు అతనికి తెలుసు. చివరికి ఏమీ చెప్పకుండానే వెళ్లిపోతాడు.

చదువుతున్న ఆమె బొటనవేలు నెమ్మదిగా తన వాచీ అద్దం మీదికి వెళ్లింది.

"పోయిన వాళ్లమ్మది," అన్నాడు, భుజం మీదుగా చదివేసిన తండ్రి. "ఆ బెజ్జం పొడిచింది నేనే. చూసేవాడు ఒకడున్నాడన్నమాట!"

"నాన్నా, ఉండండి." ఆమె చివరి వాక్యం కొట్టేసింది. "ముగింపు కుదర్లేదు. ఇంత చూసినవాడు చెప్పకుండా వెళ్లడు."

"చెబితే ఆమె కాదంటే?"

"ఆ భయం కూడా రాయండి."

"రాయనండీ. చెప్పేస్తాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

ప్రెస్సు నుంచి ఫోను మోగడం మొదలెట్టింది. ఎవరూ ఎత్తలేదు. ఆమె పెన్సిలు చెవి మీద పెట్టుకుని, పట్టీ విప్పి, వాచీని అతని అరచేతిలో పెట్టింది.

"మూత తీయండి," అంది.

"ముందు ఆ ముగింపు రాయవయ్యా బాబూ!" తండ్రి కళ్లు తుడుచుకుంటూనే అరిచాడు. "సబ్బులవాళ్లు ఎక్కి కూర్చుంటారు!"

అతను రాశాడు. ఆమె అన్న రెండు మాటలే రాశాడు.

ఎర్ర పెన్సిలు చెవి మీంచి దిగలేదు.